జిలానీ పేరు, 1964 వేసవి

మా చిన్నమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న పొద్దున పేపర్ చదువుతూ తలెత్తి అడిగింది. "అబ్బా, పార్టీ మారినోళ్లని జంప్ జిలానీలు అంటారెందుకు? జిలానీ అంటే గౌసె పాక్ పేరు కదా?"

నాకు జవాబు రాలేదు. ఆ మాటని హెడ్డింగుల్లో నేనే ఎన్నిసార్లు పెట్టానో. రాత్రి పదకొండింటికి పేజీ వదలాలి, 'గోడ దూకిన ఎమ్మెల్యేలు' అంటే రెండు కాలమ్‌లలో పట్టదు. 'జంప్ జిలానీలు' అంటే చక్కగా సరిపోతుంది, చదివేవాడికి నవ్వూ వస్తుంది. బగ్దాద్ షేఖ్ అబ్దుల్ ఖాదిర్ జిలానీ పేరు మీద మా నానీమా ప్రతి ఏటా గ్యార్వీ ఫాతిహా చదివించేది. ఆమె చెప్పిన కిస్సా ఇప్పటికీ గుర్తుంది. దొంగలు కాఫిలాని ఆపి "నీ దగ్గరేముంది" అనడిగితే, అబద్ధం ఆడనని అమ్మకిచ్చిన మాట కోసం ఆ పిల్లాడు బట్టల్లో కుట్టి ఉన్న 40 దీనార్ల సంగతి చెప్పేశాడట. మాట మీద నిలబడ్డ ఆయన పేరుని మాట తప్పేవాళ్లకి బిరుదుగా తగిలించాం.

బిడ్డకి ముఆఫీ చెప్పుకున్నాను. ఆ తర్వాత ఆలోచిస్తుంటే ఆ మాటలో ఇంకో నష్టం కనపడింది. గీత దాటినవాళ్లందర్నీ అది ఒకే సంచిలో వేసి కట్టేస్తుంది. పదవి కోసం దాటినవాడు, పగతో దాటినవాడు, జమీర్ ఊరుకోనివ్వక దాటినవాడు, ముగ్గురూ ఒకటే అయిపోతారు. ఆ తేడా చెప్పడానికి బిడ్డకి అమెరికా తవారీఖ్‌లోంచి 1964 వేసవి గురించి చెప్పాను. అక్కడ ఫిరాయింపు నిరోధక చట్టం లేదు. పార్టీ మారినా, పార్టీకి ఎదురు ఓటేసినా సీటు పోదు. కాబట్టి మనిషి నీయత్ ఏమిటో చట్టం చాటున దాక్కోదు.

ముందు అప్పటి హాలత్ కొంచెం తెలియాలి. బానిసత్వాన్ని ఎత్తేసిన లింకన్‌ది రిపబ్లికన్ పార్టీ. అందుకే దక్షిణాది తెల్లవాళ్లు దాదాపు నూరేళ్ల పాటు డెమొక్రాట్లకే ఓటేశారు. ఆ దక్షిణాదిలో నల్లవాళ్లకి బడి వేరు, మంచినీళ్ల కుళాయి వేరు, బస్సులో సీటు వేరు. ఈ జుల్మ్‌ని ఆపడానికి కెనెడీ 1963లో బిల్లు పంపాడు. ఆ నవంబర్ 22న ఆయన్ని కాల్చి చంపాక, టెక్సాస్ డెమొక్రాట్ అయిన లిండన్ జాన్సన్ దాన్ని భుజానికెత్తుకున్నాడు. ప్రతినిధుల సభలో 290-130తో నెగ్గింది. సెనేట్‌లో ఇరుక్కుంది.

అక్కడ ఫిలిబస్టర్ అని ఒక ఆయుధం ఉంది. బిల్లుని ఓటింగ్‌కి రానివ్వకుండా గంటల తరబడి, రోజుల తరబడి మాట్లాడుతూనే ఉండటం. దాన్ని ఆపాలంటే అప్పట్లో నూరు మందిలో 67 మంది కావాలి. కాగితం మీద డెమొక్రాట్లు సరిగ్గా 67 మందే. కానీ అడ్డం పడింది వాళ్లలోని దక్షిణాదివాళ్లే.

చర్చ రెండు నెలలు దాటింది. జూన్ 10న ఓటింగ్. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. మెదడులో కణితి, మాట పడిపోయింది. అక్కడ సమ్మతి చెప్పాలంటే 'ఐ' అనాలి. ఇంగ్లీషులో కంటినీ అలాగే పలుకుతారు. పేరు పిలిచినప్పుడు ఆయన చెయ్యి పైకి తీసుకెళ్లి తన కంటిని చూపించాడు. ఓటు లెక్కలోకెక్కింది. ఆ జులై చివర్లో ఇంతెఖాల్ అయ్యాడు.

71-29తో ఫిలిబస్టర్ ఆగింది. పౌరహక్కుల బిల్లు మీద అలా ఆపగలగడం సెనేట్ చరిత్రలో అదే మొదటిసారి. ఇప్పుడు లెక్క చూడండి. ఆ 71లో డెమొక్రాట్లు 44 మందే. సొంత పార్టీవాళ్లే 23 మంది ఎదురు తిరిగారు. మిగిలిన 27 ఓట్లు ఎదుటి పక్షం నుంచి, రిపబ్లికన్ల నుంచి వచ్చాయి. వాళ్ల నాయకుడు ఇల్లినాయ్ సెనేటర్ ఎవరెట్ డర్క్‌సన్. ఆయనేమీ ఫరిష్తా కాదు. బేరమాడి బిల్లులో తనకు కావాల్సిన మార్పులు చేయించుకున్నాడు. అది ఎన్నికల సంవత్సరం. బిల్లు నెగ్గితే పేరు జాన్సన్‌కే వస్తుందని తెలుసు. అయినా తనవాళ్లని కూడగట్టి తెచ్చాడు. జూన్ 19న బిల్లు 73-27తో పాసయింది, జులై 2న జాన్సన్ సంతకం పెట్టాడు. మజ్లూమ్‌కి హక్ దక్కాలంటే ఒక్కోసారి ఎదుటి బెంచీ మీది మనిషి లేచి రావాలి. సంఖ్యలో తక్కువగా బతికే మన ఖౌమ్ గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఇది.

ఇది మొదటి దాటడం. పార్టీ మారకుండా గీత దాటడం.

రెండోది ఆగస్టులో. ఆరెగన్ సెనేటర్ వేన్ మోర్స్ మొదట రిపబ్లికన్. ఐసన్‌హోవర్ పార్టీలోని ఛాందసులకి తలొగ్గుతున్నాడని 1952లో బయటికొచ్చేశాడు. మర్నాటి సంవత్సరం మడత కుర్చీ పట్టుకుని సెనేట్‌కొచ్చాడు, రెండు పక్షాల మధ్య దారిలో వేసుకుని కూర్చుంటానని. అందరూ నవ్వారు, పెద్ద కమిటీల నుంచి తీసేశారు కూడా. 1955లో డెమొక్రాట్లలో చేరాడు. ఆయన మద్దతుతోనే డెమొక్రాట్లకి సెనేట్‌లో మెజారిటీ, లిండన్ జాన్సన్‌కి మెజారిటీ లీడర్ హోదా దక్కాయి.

ఆ జాన్సనే ఇప్పుడు ప్రెసిడెంట్. వియత్నాంలో యుద్ధానికి చేతులు విప్పే టాంకిన్ తీర్మానం తెచ్చాడు. 1964 ఆగస్టు 7న ప్రతినిధుల సభలో దానికి 416 ఓట్లు, వ్యతిరేకం సున్నా. సెనేట్‌లో 88-2. ఆ ఇద్దరూ జాన్సన్ సొంత పార్టీవాళ్లే. ఒకరు అలాస్కా సెనేటర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్, ఇంకొకరు మోర్స్. ఇద్దరూ 1968లో సీట్లు పోగొట్టుకున్నారు. ఆ యుద్ధం 58 వేలకు పైగా అమెరికన్ సిపాయిలని మింగింది. అక్కడి రైతుల, పిల్లల లెక్క లక్షల్లో ఉంటుంది.

మూడోది సెప్టెంబర్ 16న. సౌత్ కరొలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ డెమొక్రాటిక్ పార్టీ వదిలి రిపబ్లికన్లలో చేరాడు. 1948లోనే నల్లవాళ్ల హక్కులకి వ్యతిరేకంగా వేరు కుంపటి పెట్టి ప్రెసిడెంట్‌గా పోటీ చేసి 4 రాష్ట్రాలు గెలిచినవాడు. 1957 పౌరహక్కుల బిల్లుని అడ్డుకోవడానికి ఒక్కడే 24 గంటల 18 నిమిషాలు మాట్లాడినవాడు. ఇప్పుడు, కొత్త చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిన బ్యారీ గోల్డ్‌వాటర్‌కి మద్దతుగా గోడ దాటాడు. ఆ నవంబర్‌లో గోల్డ్‌వాటర్ దేశమంతా ఓడి, సొంత ఆరిజోనా కాక, దక్షిణాదిలోనే 5 రాష్ట్రాలు గెలిచాడు. లింకన్ పార్టీ రంగు మారడం అక్కడ అందరికీ కనపడింది. థర్మండ్ 2003 దాకా సెనేట్‌లోనే ఉన్నాడు. కాలం ఆయన్నీ కొంత మార్చింది, 1983లో మార్టిన్ లూథర్ కింగ్ పేరిట సెలవుకి అనుకూలంగా ఓటేశాడు.

పార్టీ మారినందుకు థర్మండ్ నష్టపోలేదు. మారకూడని చోట మాత్రం ఏళ్ల తరబడి మారలేదు. మనవాళ్లు జుల్మ్ చేస్తున్నా మనవాళ్లే కదా అని వెంట నిలబడటాన్ని మన పెద్దలు అసబియత్ అన్నారు. ఆయనది జెండా మార్చిన అసబియత్. మోర్స్‌ది అలా కాదు. రెండు పార్టీలు మారినా, తనకు హక్ అనిపించిన దాన్ని వదల్లేదు. అమల్‌ని నీయత్‌తో తూచాలని మనకి చిన్నప్పుడే నేర్పారు. సియాసత్‌లో నీయత్ పైకి కనపడదు. కానీ వాడు ఎవరి కోసం దాటాడు, దాటి ఏం పోగొట్టుకున్నాడు అనేవి కనపడతాయి. ఆ రెండూ అడిగితే సగం తెలిసిపోతుంది.

ఆ వేసవి మన ఇళ్లదాకా కూడా వచ్చింది. 1946 చట్టం తర్వాత హిందుస్తాన్ నుంచి అమెరికాకి వలస కోటా ఏడాదికి 100 మంది. పుట్టిన దేశాన్ని బట్టి లెక్కగట్టే ఆ పద్ధతిని ఎత్తేసిన చట్టం మీద జాన్సన్ 1965 అక్టోబర్ 3న సంతకం పెట్టాడు. సెనేట్‌లో 76-18, దానికీ రెండు పార్టీలూ ఓటేశాయి. ఇవాళ షికాగో డెవాన్ అవెన్యూ మీద మన హైదరాబాదీ ఉర్దూ వినపడుతోందంటే, ఆ దారి అక్కడ తెరుచుకుంది.

పార్టీ మారాలనుకుంటే అదబుగా మారడం కూడా ఉంది. టెక్సాస్ డెమొక్రాట్ ఫిల్ గ్రామ్, రీగన్ బడ్జెట్‌కి మద్దతిచ్చాడని సొంత పార్టీ 1983లో బడ్జెట్ కమిటీ నుంచి తీసేస్తే, సభ్యత్వానికే రాజీనామా చేశాడు. అదే సీటులో రిపబ్లికన్‌గా నిలబడి ఫిబ్రవరిలో గెలిచి వచ్చాడు. ఆయన విధానాలు నాకు నచ్చవు. కానీ ఓటు అమానత్, దాన్ని ఇచ్చినవాళ్లకి తిరిగిచ్చి మళ్లీ అడిగాడు. పెన్సిల్వేనియా సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ 2009లో, రిపబ్లికన్ ప్రైమరీలో నెగ్గలేనని తెలిసి డెమొక్రాట్లలోకి వెళ్లాడు. మర్నాటి ఏడాది ఈ పార్టీ ప్రైమరీలోనే ఓడిపోయాడు.

మన దగ్గర 1985లో పదో షెడ్యూల్ వచ్చింది. దాని ప్రకారం ఒక్కడు జమీర్ మాట విని విప్‌కి ఎదురు ఓటేస్తే సభ్యత్వం పోవచ్చు. మూడింట రెండొంతుల మంది కలిసి దూకితే విలీనం.

ఇదంతా విని మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "మరి అమెరికాలో విప్ ఉండుంటే, అడ్డంపడ్డ ఆ 23 మంది కూడా ఓటేసేవాళ్లేగా అబ్బా?"

నిజమే బేటీ అన్నాను. కాకపోతే అదే విప్ ఆగస్టులో మోర్స్ నోరు కూడా నొక్కేసేది. ఏ చట్టం మేలో నేను తేల్చలేను. ఇద్దర్నీ ఒకే పేరుతో పిలవకుండా ఉండటం మాత్రం నా చేతిలో పని.

"అయితే హెడ్డింగ్‌లో ఏం పెడతారు?"

"గోడ దూకినోళ్లు అనే పెడతా. కాలమ్‌లో పట్టకపోతే అక్షరం సైజు తగ్గిస్తా."