బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

మొన్న ఇంటి పన్ను కట్టి వచ్చి రసీదు ఫైల్లో పెడుతుంటే మా అమ్మాయి తీసుకుని చూసింది. "అమ్మా, ఇందులో గ్రంథాలయ పన్ను అని ఉందేంటి? మనం లైబ్రరీకి డబ్బులు కడుతున్నామా?" అంది. కడుతున్నాం కదా అన్నాను. "మరి నేనెప్పుడూ వెళ్ళలేదే!" అంది. తొమ్మిదో తరగతి చదువుతోంది. మీ స్కూల్లో లైబ్రరీ లేదా అని అడిగితే, ఉందట. స్టాఫ్ రూంలో మూడు బీరువాలు, మూడింటికీ తాళాలు. వారానికో లైబ్రరీ పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది కానీ అందులో లెక్కలు చెప్పేస్తారట.

"అద్దంలోంచి పుస్తకాల పేర్లు చదువుకోవచ్చులే" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే మా హైస్కూల్లోనూ అంతే. ఉన్నదొకటే బీరువా, తాళంచెవి తెలుగు మాస్టారి జేబులో. అడిగితే "పరీక్షలయ్యాక రామ్మా" అనేవారు. పరీక్షలయ్యాక సెలవులు. ఆ వయసులో నేను చదివిన పుస్తకాలన్నీ మా అమ్మమ్మ పుణ్యమే. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆవిడకి నవల పడాల్సిందే. కానీ ఊళ్ళో లైబ్రరీకి ఆవిడ వెళ్ళేది కాదు. అక్కడంతా మగవాళ్ళు పేపర్లు తిరగేస్తూ కూర్చునేవారు. చేతిసంచీ ఇచ్చి నన్ను పంపేది. ఆవిడకి తెచ్చిన నవల సగం దారిలోనే నేను చదివేసేదాన్ని. మీలో చాలామంది ఇలాగే చదువరులయ్యి ఉంటారు, అవునా?

మన లైబ్రరీలు అసలెలా పుట్టాయా అని ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఆశ్చర్యం. ఈ తాళం సంగతి మన తాతల కాలం వాళ్ళకి బాగా తెలుసు. వాళ్ళు పోరాడింది దాని మీదే.

1901 సెప్టెంబరులో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు పూనుకున్నారు. ముందు రావిచెట్టు వారి ఇంట్లోనే పెట్టారు. నిజాం రాజ్యంలో అధికార భాష ఉర్దూ, పెద్ద తరగతుల చదువూ ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడికి తెలుగు పుస్తకం దొరకాలంటే బడి దాటి ఇలాంటి చోటికి రావాల్సిందే. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. బడి ఇవ్వని పుస్తకాన్ని ఊరు ఇచ్చిందన్న మాట.

ఇటు కోస్తాలో 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. దీని వెనక ఉన్నది అయ్యంకి వెంకట రమణయ్యగారు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు కూడా నిండలేదు. సభకి అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఆయనకి చిన్నప్పటి నుంచీ చూపు సరిగా లేదు. బడిలో బోర్డు మీద రాసింది కనపడక, తోటి పిల్లలు చదువుతుంటే విని గుర్తుపెట్టుకుని చదువుకున్నారు. ఒకరు చదివితే ఇంకొకరు వినడం ఎంత విలువైనదో ఆయనకంటే ఎవరికి తెలుసు! మొదటి గ్రంథాలయ సభకి ఆయనే పెద్ద కావడం ఎందుకో నాకు చాలా నచ్చింది.

ఆ తర్వాత ఊరూరా గ్రంథాలయాలు వెలిశాయి. అయ్యంకివారు మనుషుల్ని వెంటబెట్టుకుని గ్రంథాలయ యాత్రలు చేశారు, తీర్థయాత్రల్లాగా! 1918లో వేటపాలెంలో ఒక యువజన సంఘం మొదలుపెట్టినదే సారస్వత నికేతనం. 1929లో కొత్త భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడే భద్రంగా ఉంది.

నాకు అన్నిటికంటే నచ్చింది పడవ లైబ్రరీ. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలని పడవలోకి ఎక్కించారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ వెళ్తుంటే ప్రయాణికులూ గట్టు మీది ఊళ్ళవాళ్ళూ పుస్తకాలు తీసుకునేవారు. ఒక్కసారి ఊహించుకోండి, రేవులో బట్టలు ఉతుక్కుంటున్న ఆడవాళ్ళ ముందుకి పుస్తకాల పడవ వచ్చి ఆగడం! మా అమ్మమ్మ లాంటివాళ్ళకి మగవాళ్ళ మధ్యకి వెళ్ళే ఇబ్బంది లేదు. పుస్తకమే గడప దగ్గరికి వచ్చింది.

బడి లైబ్రరీ గురించి గట్టిగా ఆలోచించినవారు ఎస్. ఆర్. రంగనాథన్‌గారు. మనం కూడా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులవి. ఆయన మొదట లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా చేరారు. (మా అమ్మాయి లైబ్రరీ పీరియడ్‌ని లెక్కలు మింగేస్తున్నాయి. ఈయనేమో లెక్కలు వదిలి లైబ్రరీకి వచ్చారు!) 1931లో గ్రంథాలయాలకి అయిదు సూత్రాలు రాశారు. పుస్తకం ఉన్నది దాచడానికి కాదు, వాడడానికి అన్నది మొదటిది. ప్రతి చదువరికీ తన పుస్తకం దొరకాలని, ప్రతి పుస్తకానికీ తన చదువరి దొరకాలని తర్వాతివి. ఒకప్పుడు యూరప్‌లో పుస్తకాలని గొలుసులతో బల్లకి కట్టేసేవారని ఆ పుస్తకంలోనే గుర్తుచేశారు. గొలుసులు పోయాయి, మన బీరువాకి తాళం మిగిలింది. 1942లో బడులు, కాలేజీల లైబ్రరీల మీదే ఆయన విడిగా ఒక పుస్తకం రాశారంటే, ఆ వయసు పిల్లల గురించి ఎంత పట్టించుకున్నారో చూడండి.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో మద్రాసులో, 1955లో హైదరాబాదులో గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. 1960లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ ఒకటే చట్టం చేశారు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకి వెళ్ళేది దాని ప్రకారమే. రసీదులో మా అమ్మాయి చూసింది అదే.

ఈమధ్య ప్రభుత్వాలూ కొంత కదిలాయి. 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో "చదవడం మాకిష్టం" అన్న కార్యక్రమం పెట్టారు. 2022 ఫిబ్రవరి 5న తెలంగాణ బడుల్లో వంద రోజుల పఠనం మొదలైంది. మంచిదే. కానీ వంద రోజుల తర్వాత నూట ఒకటో రోజు వస్తుంది కదా, ఆ రోజు తాళం ఎవరు తీస్తారన్నదే నా బెంగ.

ఇవన్నీ మనసులో పెట్టుకుని, ఇంకో నలుగురు అమ్మల్ని వెంటబెట్టుకుని హెడ్ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. పోట్లాటకే సిద్ధమై వెళ్ళానని ఒప్పుకుంటాను. ఆవిడ స్టాక్ రిజిస్టర్ తీసి మా ముందు పెట్టారు. "ఇందులో ఉన్న ప్రతి పుస్తకానికీ లెక్క చెప్పాలమ్మా. ఇదివరకటి టీచరు పోయిన పుస్తకాలకి తన జీతంలోంచి కట్టుకుంది. అప్పటి నుంచి ఇక ఎవరూ తాళం తియ్యరు" అన్నారు. నా కోపం సగం అక్కడే చల్లారింది. పుస్తకం పోతే శిక్ష ఉంది, ఎవరూ చదవకపోతే మాత్రం ఎవరికీ ఏ శిక్షా లేదు! అలాంటప్పుడు తాళం వెయ్యక ఏం చేస్తారు?

చివరికి ఒక దారి దొరికింది. మా ఇళ్ళలో ఉన్నవి, చుట్టాలని అడిగి తెచ్చినవి కలిపి రిజిస్టర్‌కి ఎక్కని పుస్తకాలు ఒక రాక్ నిండా పెట్టాం. వరండాలో, తాళం లేకుండా. పక్కన ఒక నోటుబుక్కు. తీసుకున్న పిల్లలే పేరు రాసుకోవాలి. పాత చందమామల బైండు, సైన్సు పుస్తకాలు, దయ్యాల కథలు, యద్దనపూడి నవలలు కూడా పెట్టాం. "నవలలా? ఈ వయసులోనా?" అని ఒక అమ్మ భయపడింది. మనం ఏ వయసులో చదివామో గుర్తుచేస్తే నవ్వి ఊరుకుంది.

మూడు నెలల్లో ఏడు పుస్తకాలు పోయాయి. ఎక్కువగా దయ్యాల కథలే! పోయినవాటికి బాధపడాలో, అంత గట్టిగా కావాల్సి వచ్చిందని సంతోషపడాలో తెలియలేదు. ఒకటి మాత్రం మొన్న వెనక్కి వచ్చింది, కొత్తగా న్యూస్ పేపర్ అట్ట వేసుకుని. ఎవరు తెచ్చారో తెలీదు. బీరువాల్లో ఒకదాన్ని శనివారాలు తీస్తున్నారు. మిగతా రెండూ ఇంకా అలాగే ఉన్నాయి. పదో తరగతి వాళ్ళ లైబ్రరీ పీరియడ్ ఇప్పటికీ లెక్కలదే.

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి స్కూలు నుంచి వస్తూ నాకో నవల తెచ్చింది. "దారిలో కొంచెం చదివాను, ఏమనుకోకు" అంది. ఏమనుకుంటాను?

మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. తర్వాత మీ పిల్లల్ని అడగండి, వాళ్ళ స్కూల్లో బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉందో.