హ్యామ్‌కి చుట్టాలు ఎండు తునకలు

డిసెంబరు వస్తే నగరాల్లో సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లలో హ్యామ్ కనబడుతుంది. పంది వెనక తొడని ఉప్పులో ఊరబెట్టి, ఒక్కోచోట పొగ కూడా పట్టించి, నిల్వ చేసిన మాంసం. పండగరోజు దానిమీద తేనో బెల్లప్పాకమో రాసి, లవంగాలు గుచ్చి, ఓవెన్‌లో కాలుస్తారు. ఈ దొరల వంటకి గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఓ దగ్గరి చుట్టం ఉంది. కాకపోతే ఆ చుట్టరికం ఎవరూ కలుపుకోరు.

నిజానికి హ్యామ్ పండగ కోసం పుట్టలేదు. యూరప్‌లో చలికాలం వస్తే మేత తగ్గేది, దానికి ముందే పందుల్ని కోసేవాళ్లు. ఒక్క పూటలో తినలేనంత మాంసం. ఉప్పు పట్టిస్తే అందులోని నీరు బయటికొస్తుంది; తడి తగ్గితే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరగలేవు. బయట చలి కాబట్టి, ఉప్పు ఎముకదాకా దిగేవరకూ వారాల తరబడి ఆగినా తొడ పాడయ్యేది కాదు. చలికాలమంతా ఊరి వసంతానికి తయారయ్యేది. ఈస్టరు బల్లమీదికి అలా చేరింది.

మన పత్తి, మిరప చేల మధ్య ఆ చలి ఎక్కడిది? తొడని తొడలాగే ఉంచితే ఉప్పు లోపలికి దిగేలోపే కుళ్లిపోతుంది. అందుకే మాంసాన్ని సన్నగా, పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి దండేల మీద ఎండేశారు. ఎండు తునకలు, ఒట్టి తునకలు, ఉప్పుకండ - ఊరికో పేరు. ఉప్పుకేం, చినగంజాం కొటార్లు దగ్గరే. పంది మాంసంలో కొవ్వెక్కువ, ఎండకి పాడు వాసనొస్తుంది. దాన్ని కోసిన రోజే వండుకోవడం మేలు. ఎండేసింది ఎక్కువగా గొడ్డుమాంసం.

అంత మాంసం ఒక్కసారిగా ఎలా వచ్చేది? ఊళ్లో గొడ్డు చస్తే ఎత్తెయ్యడం మాదిగల మీద ఊరు మోపిన వెట్టి. తోలు ఊరి కాళ్లకి చెప్పులయ్యేది, మోటబావికి బొక్కెనయ్యేది. మాంసం వాడకి దక్కేది. యూరప్ రైతుకొచ్చిన చిక్కే వీళ్లకీ వచ్చింది, ఉపాయమూ అదే తట్టింది. కాకపోతే ఆ రైతు కోసుకున్నది తన పందిని.

1866లో ఒంగోలుకొచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, క్రైస్తవులయ్యే మాదిగలకి మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పనిచెయ్యొద్దు, చచ్చిన గొడ్డుని తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. మొదటి రెండూ నేరుగా ఊరి పెత్తనానికే తగిలాయి. పిలిచినరోజు పనికి రానన్నవాడి మీద, చచ్చిన గొడ్డు మాంసం నాకొద్దన్నవాడి మీద ఊరు కక్షగట్టింది. అయినా 1876-78 కరువు గడిచాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు వదిలేసింది మేం తినం అనడంలో ఉన్న ఆత్మగౌరవం చిన్నదేం కాదు.

ఆ నియమం చచ్చిన గొడ్డు గురించే. మాంసం ఎండబెట్టే విద్య జోలికి అది పోలేదు. విద్య మిగిలింది, కొన్న మాంసంతో సాగింది. కానీ దానికి అంటగట్టిన అవమానం కూడా వెంటే వచ్చింది. అద్దింటి మేడమీద తునకలు ఆరెయ్యడానికి ఇవాళ్టికీ జంకేవాళ్లున్నారు. అవసరం తీరాక హ్యామ్ పండగ వంటైంది. తునకలకి మాత్రం, చేసిన చేతుల కులాన్ని బట్టి, ‘కంపు’ అనే పేరు మిగిలింది.

వండటంలోనూ ఇద్దరిదీ ఒకటే పోలిక. బాగా ఉప్పుపట్టిన హ్యామ్‌ని ముందు నీళ్లలో నానబెట్టాలి. తునకల్నీ అంతే: నిప్పుల మీద కాస్త కాల్చి, దంచి, వేణ్ణీళ్లలో నాననిచ్చి, గోంగూరతోనో దోసకాయతోనో ఉడికించి గుంటూరు కారం వెయ్యాలి. కూరలో ఉప్పు మాత్రం చివర్లో, రుచి చూసి.

ఈ క్రిస్మస్‌కి ఇంట్లో హ్యామ్ కాలుస్తుంటే, పక్కపొయ్యి మీద తునకల కూర కూడా పెట్టండి. చుట్టాలిద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టినట్టు ఉంటుంది.