తాళంచెవి కథ

లినక్స్ కంప్యూటరులో సిగ్నల్ అనే సందేశాల యాప్ పెట్టుకోవాలంటే మొదటి మెట్టు యాప్‌ను దించుకోవడం కాదు. ముందుగా ఒక 'కీ', అంటే తాళంచెవి తెచ్చుకోవాలి. మా అన్నయ్య ఉబుంటులో ఈ పని చేస్తుంటే నాకు సందేహం వచ్చింది. యాప్‌కి తాళంచెవి ఎందుకు? జవాబు వెతికితే దాదాపు యాభై ఏళ్ళ చరిత్ర దొరికింది.

పూర్వం రహస్య లేఖ పంపాలంటే ఇద్దరి దగ్గరా ఒకే తాళంచెవి ఉండాలి. దాన్ని ముందే ఎవరో మోసుకెళ్ళి ఇవ్వాలి. దారిలో శత్రువుకి చిక్కితే అంతా పోయినట్టే. 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ఈ చిక్కుకి దారి చూపారు. ఒక్కొక్కరికీ రెండు కీలు. ఒకటి అందరికీ ఇవ్వొచ్చు, రెండోది ఎవరికీ ఇవ్వకూడదు. మొదటిదానితో మూసిన ఉత్తరం రెండోదానితోనే తెరుచుకుంటుంది. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ దీన్ని లెక్కల్లో చేసి చూపించారు. మనం క్లాసులో చదివే ప్రధాన సంఖ్యలే దానికి ఆధారం. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం సులువే. ఆ లబ్ధాన్ని చూసి అవి ఏవో చెప్పడం మాత్రం చాలా కష్టం.

1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అనే ఆయన ఈ విద్యను మామూలు జనానికి అందించాలని 'పీజీపీ' అనే ప్రోగ్రాము రాసి ఉచితంగా పంచాడు. అప్పట్లో బలమైన గూఢలిపి అమెరికా చట్టం ప్రకారం ఆయుధాల జాబితాలో ఉండేది. దాన్ని దేశం దాటించాడేమోనని ఆయన మీద దర్యాప్తు మొదలైంది. 1995లో ఎంఐటీ ప్రెస్ ఆ ప్రోగ్రామును పుస్తకంగా అచ్చు వేసింది. పుస్తకాన్ని ఆయుధం అని ఎలా ఆపుతారు? 1996లో కేసు పెట్టకుండానే దర్యాప్తు ముగించారు.

అదే 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ మొదలుపెట్టాడు. 1999లో పీజీపీ పద్ధతిలోనే పనిచేసే స్వేచ్ఛా ప్రోగ్రాము 'జీపీజీ' మొదటి పూర్తి రూపం వచ్చింది. అలా రెండు కథలూ కలిశాయి. సిగ్నల్ 2014లో ఆ పేరుతో ఫోన్లలోకి వచ్చి, 2017లో లినక్స్ కంప్యూటర్లకీ వచ్చింది.

ఇప్పుడు మెట్లు అర్థమవుతాయి. మొదట సిగ్నల్ వాళ్ళ బహిరంగ కీని తెచ్చుకుంటాం. తర్వాత యాప్ ఎక్కడ దొరుకుతుందో కంప్యూటరుకి చెబుతాం. చివర 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ సిగ్నల్-డెస్క్‌టాప్' అని కొడతాం. సిగ్నల్ వాళ్ళు తమ రహస్య కీతో సంతకం చేసి ఉంటారు. ఆ సంతకాన్ని మన దగ్గరున్న కీతో కంప్యూటరు సరిచూస్తుంది. దారిలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా ఒప్పుకోదు. అందుకే కీని అసలు చోటు నుంచే తెచ్చుకోవాలి. అది నకిలీదైతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. ఆ పైన ఫోనులోని సిగ్నల్‌తో క్యూఆర్ కోడ్ ద్వారా కలపాలి.

"తప్పు చేయనివాళ్ళకి దాపరికం ఎందుకు?" అని కొందరు అడుగుతారు. మన పెద్దలు పోస్టుకార్డు మీద రాసే మాటలు వేరు, ఇన్‌లాండు లెటరులో రాసి అంటించే మాటలు వేరు. అప్పు సంగతి, పెళ్ళిసంబంధం, ఇంట్లో జబ్బు ఇవన్నీ అంటించిన ఉత్తరాల్లోనే వెళ్ళేవి. అందులో తప్పేముంది? అలా అంటించుకునే హక్కు కంప్యూటరులో కూడా మనకి మిగలడానికి ఒకాయన దాదాపు మూడేళ్ళు జైలు భయంతో బతికాడని మనం తెలుసుకోవాలి.