పులిపిరి పురాణం

మొన్న మా మనవరాలు చూపుడువేలు చాపి, "అమ్మమ్మా, ఇంకోటి కూడా వచ్చిందే!" అంది. చూద్దును కదా, రెండు పులిపిర్లు! "కాస్త సున్నం పెడితే సరి" అనబోయి, నా చేతి మీది మచ్చ కంటబడి నోరు మూసుకున్నాను.

నా పదో ఏట మా మేనత్త నా పులిపిరికి గుర్రపు వెంట్రుక బిగించి కట్టింది. ఊడలేదు. సున్నం, చాకలిసోడా కలిపి పెట్టింది. పులిపిరితో పాటు చర్మమూ ఊడింది. బళ్ళో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. పెళ్ళిచూపులనాడు ఆ చేతిని పైటచెంగు కింద దాచుకున్న సంగతి నాకింకా గుర్తే.

పాపం, మా అత్తయ్యనొక్కదాన్నే అని ఏం లాభం? నండూరి రామమోహనరావుగారు తెలుగు చేసిన 'టామ్ సాయర్' చదివే ఉంటారు. అందులో పులిపిర్లు పోగొట్టుకోవడానికి చచ్చిన పిల్లిని పట్టుకుని అర్ధరాత్రి శ్మశానానికి వెళతారు పిల్లలు!

ఇలాంటి వైద్యాలు ఇన్నాళ్ళు ఎలా నిలిచాయంటారా? పులిపిరి చాలాసార్లు దానంతటదే పోతుంది. పిల్లలకు వచ్చే ఒక రకం ఒక్కోసారి హఠాత్తుగా మాయమవుతుందని మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు. పిల్లల్లో మూడింట రెండు వంతులు రెండేళ్ళలో పోతాయని ఈ కాలపు లెక్క. అవి పోయే వేళకు ఏ వెంట్రుక కట్టి ఉంటే దానికే పేరు!

అసలు దొంగ 1907లో దొరికాడు. ఇటలీలో చూఫో అనే డాక్టరు పులిపిరిని నూరి, బాక్టీరియా కూడా దూరలేని వడపోతలో వడకట్టి, ఆ ద్రవాన్ని చర్మంలోకి ఎక్కించి చూశాడు. కొన్ని నెలలకు అక్కడ పులిపిర్లు మొలిచాయి. అంటే ఇది వైరస్ పని; అంటుకునే జబ్బే. గిల్లినా, గోళ్ళు కొరికినా పక్కవేలికి పాకుతుంది. ఒకరి తువ్వాలు ఒకరు వాడితే ఇంకొకరికీ రావచ్చు.

డాక్టరుగారు శాలిసిలిక్ ఆమ్లం మందు ఇచ్చారు. చుట్టూ చర్మానికి అంటకుండా, వారాల తరబడి ఓపిగ్గా రాయాలి. ముఖం మీద మాత్రం రాయకూడదు. తగ్గకపోతే ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారట.

పిల్లకి తువ్వాలు వేరు పెట్టాను. పిల్లను మాత్రం వేరు పెట్టలేదు. రాత్రిళ్ళు నా పక్కలోనే, నా మచ్చ చెయ్యి పట్టుకునే పడుకుంటోంది.