కోర్టు పనితీరు లెక్కలు: అంకెల్లో కనిపించేవి, కనిపించనివి

కేసు నడుస్తున్న ఇంట్లో సాధారణంగా అడిగేది ఒక్కటే ప్రశ్న: తర్వాతి వాయిదా ఎప్పుడు? అదే కోర్టులో ఇంకా ఎన్ని కేసులున్నాయి, ఎన్ని పదేళ్లు దాటాయి, నెలలో ఎన్ని తేలుతున్నాయి అనేది వకీల్ సాబ్‌ను కూడా ఎవరూ అడగరు. ఈ లెక్కలు ఇప్పుడు దాపరికమేమీ కాదు. జిల్లా కోర్టుల వివరాలతో నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ 2015లో జనానికి అందుబాటులోకి వచ్చింది. తర్వాత హైకోర్టులు, 2023లో సుప్రీంకోర్టు కూడా అందులో చేరాయి. రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకుంటే చాలు, సివిల్, క్రిమినల్ కేసులు విడివిడిగా కనిపిస్తాయి. మహిళలు వేసినవి, వృద్ధులు వేసినవి వేరుగా చూపిస్తారు. వకీలు రాకపోవడం, నిందితుడు దొరక్కపోవడం, పై కోర్టు స్టే వంటి ఆలస్యానికి కారణాలు కూడా ఉంటాయి. దేశం మొత్తంమీద జిల్లా, కింది కోర్టుల్లో పెండింగ్ 4 కోట్లు దాటింది.

కోర్టు బాగా పనిచేస్తోందా అని చూడటానికి ఎక్కువగా వాడే కొలత క్లియరెన్స్ రేటు. ఏడాదిలో కొత్తగా వచ్చిన కేసులెన్ని, తేలినవెన్ని అన్నదే ఆ లెక్క. 100 వచ్చి 100 తేలితే పాత కుప్ప అలాగే ఉన్నట్టు, 90 తేలితే కుప్ప పెరిగినట్టు. పోలీసు, జైళ్లు, న్యాయవ్యవస్థ, న్యాయ సహాయం కలిపి రాష్ట్రాలకు ర్యాంకులిచ్చే ఇండియా జస్టిస్ రిపోర్టు కూడా ఈ కొలతను వాడుతుంది. 2025 నివేదికలో పెద్ద, మధ్యస్థ రాష్ట్రాల్లో కర్ణాటక మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండులో, తెలంగాణ మూడులో నిలిచాయి. సంతోషమే. కానీ ర్యాంకు చూసి మన కేసు త్వరగా తేలుతుందనుకుంటే పొరపాటే.

ఎందుకంటే "తేలింది" అన్న మాటలో చాలా రకాలు కలిసిపోతాయి. ఫైన్ కట్టి ముగించిన చిన్న కేసూ ఒకటే, ఇరవై ఏళ్ల ఆస్తి పంపకం దావా కూడా ఒకటే. వాదనలు విని ఇచ్చిన తీర్పు, ఫిర్యాదీ రాలేదని కొట్టేసిన కేసు, రెండూ ముగిసిన కేసులే. బస్సు దొరక్క వాయిదాకు రాలేకపోయిన ఆడమనిషి కేసు కొట్టేస్తే ఆమెకు అది నష్టం, లెక్కలో మాత్రం ఒక కేసు తగ్గినట్టు. ఈ-కోర్ట్స్ సైట్‌లో లేదా యాప్‌లో 16 అక్షరాలు, అంకెలు ఉండే సీఎన్ఆర్ నంబరు కొడితే ముగిసిన కేసు కాంటెస్టెడా, అన్‌కాంటెస్టెడా అని రాసి ఉంటుంది. అది చూడటం అలవాటు చేసుకోవాలి.

భరణం కేసుల సంగతి ఇంకా సూటిగా అర్థమవుతుంది. తలాక్ అయిన ముస్లిం మహిళ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షన్ కింద భరణం అడగవచ్చని 2024 జూలైలో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్లిందే. ఇప్పుడు ఆ సెక్షన్ బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది. మధ్యంతర భరణం దరఖాస్తును, ఎదుటివారికి నోటీసు అందినప్పటి నుంచి వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టమే చెబుతోంది. కానీ గ్రిడ్‌లో కేసుల వయసు చూపే మొదటి గడి "ఏడాది లోపు". అంటే రెండు నెలల్లో తేలాల్సింది పదకొండు నెలలుగా ఆగినా ఆ గడిలోనే ఉంటుంది. పిల్లల స్కూలు ఫీజు కోసం ఎదురుచూసే తల్లికి ఈ తేడా చిన్నది కాదు.

అమెరికాలో రాష్ట్రాల కోర్టుల కోసం 2005లో కోర్‌టూల్స్ పేరిట పది కొలతలు తయారుచేశారు. క్లియరెన్స్ రేటు, పెండింగ్ కేసుల వయసు అందులోనూ ఉన్నాయి. అయితే మొట్టమొదటి కొలత మాత్రం జనాన్ని అడగడం. ఒక మామూలు రోజున కోర్టు నుంచి బయటికొచ్చేవారికి కాగితం ఇస్తారు. కోర్టు వెతుక్కోవడం తేలికైందా, మర్యాదగా చూశారా, మీ మాట విన్నారా, ఇక్కడినుంచి వెళ్లాక ఏం చేయాలో తెలిసిందా అని ఉంటుంది. గెలిచారా, ఓడారా అన్నది కాదు, వాళ్లతో ఎలా వ్యవహరించారన్నదే కొలత.

మన గ్రిడ్‌లో ఇలాంటి గడి లేదు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాష చేశారు. నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం చెబితే అతనికి అర్థమయ్యే భాషలోకి కోర్టులోనే తర్జుమా చేయాలన్నది చట్టం. ఏ జిల్లాలో ఎంతమందికి తర్జుమా అవసరమైంది, ఎంతమందికి దొరికింది అనేది ఆ లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

న్యాయ సహాయం విషయంలోనూ అంతే. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి, లేదంటే 15100కు ఫోన్ చేయాలి. ఫలానా కేసులో ఉచిత వకీలును అడిగారా, ఇచ్చారా అన్నది గ్రిడ్‌లో తెలియదు. కాబట్టి దరఖాస్తు ఇచ్చినప్పుడు తేదీతో రసీదు తీసుకుని, కేసు కాగితాలతోపాటే దాచుకోవాలి.