లఘుశంకకు దీర్ఘ చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాజుల గురించి, కోటల గురించి వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఎంచుకున్న విషయం చెప్పగానే ఇద్దరు మిత్రులు ముక్కు మూసుకున్నారు. అయినా వ్రాస్తున్నాను, కారణం ఉన్నది.

పోయిన రోహిణి కార్తెలో, రాత్రిళ్ళు పదేపదే లేవవలసి వస్తున్నదని సాయంత్రం నుంచి మంచినీళ్ళు మానేశాను. నాలుగోనాడు కళ్ళు తిరిగి వసారాలో కూలబడ్డాను. డాక్టరుగారు మొదట అడిగినవి రెండే ప్రశ్నలు: మూత్రం ఏ రంగులో వస్తున్నది, ఎంత వస్తున్నది? సర్వీసంతా లెక్కలు వ్రాసిన నేను ఈ రెండు లెక్కలూ చెప్పలేకపోయాను.

ఈ ప్రశ్నలు చాలా పాతవి. మన ఆయుర్వేదం ప్రమేహాలను 20 రకాలుగా విభజించింది. పసుపు రంగుదానికి హారిద్రమేహమనీ, మంజిష్ఠ రంగుదానికి మాంజిష్ఠమేహమనీ పేర్లు. మూత్రానికి చీమలు చేరడం రోగలక్షణమని చరక సంహిత గమనించింది. మధుమేహాన్ని మన పెద్దలు అతిమూత్ర వ్యాధి అనడం కూడా పరిమాణాన్ని చూసే.

ఐరోపాలో ఇది ఏకంగా ఒక శాస్త్రమై కూర్చున్నది. 20 రంగుల సీసాలను చక్రంలా చిత్రించిన పటాలు వైద్య గ్రంథాలలో ఉండేవి. నౌకరు బుట్టలో సీసా పట్టుకుని వస్తే, వైద్యుడు దానిని వెలుతురుకు ఎత్తి చూసి రోగం చెప్పేవాడు. రోగి ముఖం చూడవలసిన పని లేదు! ఫైలు చూసి మనిషిని తేల్చే అలవాటు మన ఆఫీసులలోనే పుట్టలేదన్నమాట. చివరికి సీసా చూసి జాతకాలు చెప్పేవారు కూడా బయలుదేరారు. 1637లో థామస్ బ్రయన్ అనే ఇంగ్లీషు వైద్యుడు వీరిని దుయ్యబడుతూ పుస్తకమే వ్రాశాడు.

చూపు పోయి కొలత వచ్చాక అసలు సంగతి తెలిసింది. మధుమేహ రోగి మూత్రం తియ్యగా ఉంటుందని థామస్ విల్లిస్ 17వ శతాబ్దంలో వ్రాస్తే, ఆ తీపి చక్కెరదేనని 1776లో మాథ్యూ డాబ్సన్ ఇంకబెట్టి చూపాడు. 1827లో లండన్‌లో రిచర్డ్ బ్రైట్ చేసిన పని నాకు మరీ ఇష్టం. చెంచాలో మూత్రం పోసి కొవ్వొత్తి మీద కాచేవాడు. తెల్లగా గడ్డకడితే ప్రొటీను పోతున్నదని, మూత్రపిండాలు చెడ్డాయని గుర్తు. ఒక చెంచా, ఒక కొవ్వొత్తి, అంతే! ఆ తర్వాత వచ్చిన బెనెడిక్ట్ ద్రావణం మనలో చాలామందికి తెలిసినదే. నీలి మందులో నాలుగు చుక్కలు వేసి కాచితే ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక రంగు. ఇటుక రంగు వస్తే ఇంట్లో మిఠాయిలకు తాళం పడేది.

ఇందులో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చేయి కూడా ఉన్నది. అమెరికాలో రాత్రిళ్ళు ఆస్పత్రిలో పోర్టరు పని చేసి చదువుకున్న ఆయన, ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని నీలి రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు.

ఇక డాక్టరుగారు నాకు చెప్పినది. లేత గడ్డి రంగు ఉంటే నీరు చాలినట్లే. ముదురు పసుపైతే చాలనట్లు. రెండు లీటర్ల వరకు ద్రవాలు తాగే మనిషికి రోజుకు సుమారు 800 నుంచి 2000 మిల్లీలీటర్ల దాకా రావాలి, 400కు తగ్గితే ఆలస్యం చేయరాదు. నీళ్ళలా తెల్లగా, ధారాళంగా వస్తూ దాహం తీరకపోతే అది ఆరోగ్యం కాదు, చక్కెర చూపించుకోవాలి. ఎరుపు, టీ డికాక్షన్ రంగు, పోని నురగ కనిపిస్తే వెంటనే పరీక్ష. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే తాగాలి. వయసు మీద పడితే దాహం సరిగా తెలియదట. లైఫ్ సర్టిఫికెట్‌కు వెళ్ళే రోజు మరుగుదొడ్డి ఉంటుందో ఉండదోనని పొద్దుటి నుంచి గొంతు తడపని మిత్రులు నాకు తెలుసు.

ఆ పసుపు రంగుకు కారణమైన యూరోబిలిన్ పేరు వందేళ్ళకు పైగా తెలిసినదే. దానికి దారితీసే పేగులోని బాక్టీరియా ఎంజైము ఏదో తేలినది మాత్రం 2024లో.

డాక్టరుగారి మాట విన్న మరుసటి వారమే నాకు కళ్ళు మిరుమిట్లు గొలిపే పసుపు కనిపించింది. కామెర్లనుకుని పరుగెత్తాను. ఆయన నవ్వి, తాను వ్రాసిచ్చిన బి కాంప్లెక్స్ మాత్రల చీటీ నాకే చూపించారు.