కైట్ బోర్డింగ్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? టికెట్ కన్నా ముందు గాలి చూడండి.. ఏ నెలలో ఎక్కడికి వెళ్లాలంటే!

నడుముకు కట్టుకున్న బెల్టుకు పెద్ద గాలిపటం, కాళ్ల కింద బోర్డు. ఇంజిన్ లేదు, పెట్రోల్ లేదు.. గాలి లాగితే నీటి మీద దూసుకుపోవడమే! 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి పతకాల ఆటగా అడుగుపెట్టిన కైట్ బోర్డింగ్ వీడియోలు ఫోన్‌లో చూసిన కుర్రాళ్లకు ముందుగా వచ్చే ఆలోచన ఒకటే.. "మనకూ సముద్రం ఉంది కదా, ఇక్కడే నేర్చుకుంటే పోలా?" నిజమే, చల్లపల్లి నుంచి అటు మంగినపూడి, ఇటు హంసలదీవి.. ఏ వైపు వెళ్లినా గంట, గంటన్నరలో సముద్రం. కానీ ఇక్కడ గాలి జోరుగా ఉండే నెలల్లోనే ఈ తీరం ఈ ఆటకు ప్రమాదకరం. మరి ఎక్కడికి వెళ్లాలి? ఎప్పుడు వెళ్లాలి? డబ్బు వృథా కాకుండా ట్రిప్ ఎలా వేసుకోవాలి? పూర్తి వివరాలు ఇవీ..

ఎంత గాలి కావాలి?

సముద్రంలో గాలి వేగాన్ని నాట్స్‌లో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కి.మీ. కైట్ బోర్డింగ్‌కు సాధారణంగా 12 నుంచి 25 నాట్స్ గాలి కావాలి. అంటే గంటకు 22 నుంచి 46 కి.మీ. కొత్తగా నేర్చుకునేవారికి 12 నుంచి 18 నాట్స్ చాలు. అంతకన్నా తక్కువైతే కైట్ నీళ్లలో పడిపోతుంది, ఎక్కువైతే మనిషిని ఈడ్చుకుపోతుంది.

ఇక్కడ అందరూ పొరబడే లెక్క ఒకటుంది. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం కూడా రెట్టింపు అవుతుందనుకుంటారు. కాదు, నాలుగు రెట్లు అవుతుంది! 12 నాట్స్‌లో హాయిగా ఆడిన కైటే, గాలి ఒక్కసారిగా 24 నాట్స్‌కు పెరిగితే నాలుగింతల బలంతో గుంజుతుంది. అందుకే గాలిని బట్టి కైట్ సైజు మారుస్తారు. 75 కిలోల మనిషికి 15 నాట్స్ గాలిలో సుమారు 12 చదరపు మీటర్ల కైట్ సరిపోతే, 20 నాట్స్‌లో 9 మీటర్లది, 25 నాట్స్‌లో 7 మీటర్లది వాడతారు.

గాలి ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, ఎంత నిలకడగా ఉందన్నది కూడా ముఖ్యమే. రోజంతా 15 నాట్స్ దగ్గర నిలిచే గాలి నేర్చుకునేవాళ్లకు వరం. నిమిషానికోసారి 8కి పడి 25కి లేచే గాలి అయితే ఒడ్డున కూర్చోవడమే మేలు.

దివిసీమ తీరంలో ఎందుకు వద్దు?

కృష్ణా జిల్లాలో సముద్రం తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు నైరుతి రుతుపవనాల కాలంలో ఇక్కడ వీచేది ఎక్కువగా పడమటి గాలి, నైరుతి గాలి. అంటే గాలి నేల మీద నుంచి సముద్రంలోకి పోతుంది. దీన్నే ఆఫ్‌షోర్ గాలి అంటారు. కైట్ నీళ్లలో పడి మళ్లీ లేవకపోతే, ఆ గాలి మనిషిని ఒడ్డుకు కాదు.. బంగాళాఖాతంలోకి తోస్తుంది. పక్కన రెస్క్యూ బోటు లేకపోతే వెనక్కి రావడం చాలా కష్టం.

పైగా ఒడ్డు దగ్గర నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. గాలి నేల మీద నుంచి వస్తుంది కాబట్టి అక్కడ అలలు పెద్దగా లేవవు. కొత్తవాళ్లు మోసపోయేది సరిగ్గా ఇక్కడే.

మార్చి నుంచి మే వరకు పరిస్థితి వేరు. మధ్యాహ్నం దాటాక దక్షిణం, ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది. సాయంత్రానికి ఊళ్లలో హాయిగా తగిలే పైరగాలి ఇదే. ఇది ఒడ్డు వైపు వీచే గాలి కాబట్టి ఆ ప్రమాదం తక్కువ. కానీ ఒకరోజు ఉంటుంది, మరో రోజు పడమటి గాలి దాన్ని రానివ్వదు. వారం రోజుల సెలవు దీని మీద పెట్టలేం. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు తుపాన్ల కాలం. 1977 నవంబర్ 19 ఉప్పెనను చూసిన దివిసీమకు ఆ నెలల గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇతర ఇబ్బందులూ ఉన్నాయి. హంసలదీవి దగ్గర నది, సముద్రం కలిసే చోట ప్రవాహాలు బలంగా ఉంటాయి. ఆ పరిసరాల్లోని మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోకి వస్తాయి. తీరం వెంబడి రొయ్యల చెరువులు, వాటికి వేసిన కరెంటు తీగలు సరేసరి. కైట్ తాళ్లే 20 మీటర్లకు పైగా పొడవు ఉంటాయి. అవి తీగలకు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

దగ్గర్లో నిలకడ గాలి ఎక్కడ? రామేశ్వరం!

తెలుగువాళ్లకు రామేశ్వరం అంటే తీర్థయాత్ర. కైట్ బోర్డింగ్ చేసేవాళ్లకు మాత్రం అది దేశంలోని మంచి గాలి కేంద్రాల్లో ఒకటి. కారణం దాని భౌగోళిక పరిస్థితి. భారత్, శ్రీలంక మధ్య ఇరుకైన సందులో గాలి దూరి వేగం పుంజుకుంటుంది. ఏడాదిలో రెండు సీజన్లు ఉంటాయి.

• మే చివరి నుంచి సెప్టెంబర్ వరకు: నైరుతి గాలి. ఇదే బలమైన సీజన్.
• డిసెంబర్ చివరి నుంచి మార్చి మొదటి వరకు: ఈశాన్య గాలి. మొదటిదానికన్నా కాస్త మెత్తగా ఉంటుంది.

పాంబన్ దీవికి ఒకవైపు మన్నార్ సింధుశాఖ, మరోవైపు పాక్ జలసంధి. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా ఏదో ఒక పక్కన అలలు తక్కువున్న నీళ్లు దొరుకుతాయి. నడుము లోతు కయ్యల్లాంటి లగూన్లు కూడా ఉన్నాయి. పడిపోయినా కాళ్లకు నేల తగులుతుంది కాబట్టి నేర్చుకునేవారికి ధైర్యంగా ఉంటుంది. అయితే ఆఫ్‌షోర్ గాలి అక్కడైనా ప్రమాదమే. ఏ రోజు ఏ పక్కన దిగాలన్నది స్థానిక శిక్షకుడే తేల్చాలి. మన్నార్ సింధుశాఖలోని 21 దీవులు మెరైన్ నేషనల్ పార్కు పరిధిలో ఉన్నాయి. అటు సొంతంగా వెళ్లడం కుదరదు.

మన సెలవులు.. అక్కడి గాలి

ట్రిప్ ప్లాన్ తేలిపోయేది ఇక్కడే. మన సెలవుల క్యాలెండర్, గాలి క్యాలెండర్ ఒకటి కావు.

• సంక్రాంతి: ఈశాన్య గాలి ఉండే సమయం. భోగి, కోడిపందేలు వదులుకోగలిగితే మంచి అవకాశం. రద్దీ ఎక్కువ కాబట్టి రైలు టికెట్లు ముందే చూసుకోవాలి.
• ఏప్రిల్, మే మొదటి వారాలు: వేసవి సెలవులు మొదలవుతాయి గానీ గాలి మారే సమయం. చాలామంది ఇప్పుడే వెళ్లి ఉత్తచేతులతో తిరిగొస్తారు.
• మే చివరి వారం నుంచి స్కూళ్లు తెరిచేదాకా: సాధారణంగా జూన్ రెండో వారంలో స్కూళ్లు తెరుస్తారు. పిల్లలున్న కుటుంబాలకు సెలవు, గాలి రెండూ కలిసొచ్చే రోజులు ఇవే.
• ఆగస్టు 15 వరుస సెలవులు: గాలి బాగుంటుంది. కానీ మూడు రోజుల్లో ఆట రాదు. ఇప్పటికే నేర్చుకున్నవారికి పర్వాలేదు.
• దసరా: గాలి తగ్గుముఖం పట్టే సమయం. దొరికితే అదృష్టం.
• దీపావళి: ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. ఈ ట్రిప్‌కు అస్సలు వద్దు.

మరో సంగతి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో సముద్రంలో మరబోట్లు ఉండవు. ఎవరో ఒకరు చూసి కాపాడతారన్న ధీమా అప్పుడు అసలే పనికిరాదు.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

ఒడ్డున కైట్ ఎగరేయడం, నీళ్లలో బోర్డు లేకుండా కైట్‌తో కదలడం, చివరికి బోర్డు మీద లేచి నిలబడటం.. ఈ మూడు దశలు దాటడానికి చాలామందికి 8 నుంచి 12 గంటల శిక్షణ పడుతుంది. ఒంట్లో ఓపికను బట్టి రోజుకు 2, 3 గంటలకు మించి చేయలేరు. అంటే గాలి ఉన్న రోజులే కనీసం నాలుగు కావాలి. మంచి సీజన్‌లో కూడా ఒకటి రెండు రోజులు గాలి పడిపోవడం మామూలే. కాబట్టి ప్రయాణం కాకుండా అక్కడే 7 రోజులు ఉండేలా చూసుకుంటే మంచిది. నాలుగు రోజుల ప్యాకేజీ చవగ్గా కనిపించినా, రెండు రోజులు గాలి లేకపోతే డబ్బూ పోతుంది, ఆటా రాదు.

డబ్బు కట్టే ముందు ఇవి అడగండి

• ఫీజు రోజులకా, గంటలకా? గంటల లెక్కే మేలు.
• గాలి లేని రోజుకు డబ్బు వాపస్ ఇస్తారా, లేక మరో రోజుకు మారుస్తారా? రాతపూర్వకంగా తీసుకోవాలి.
• శిక్షకుడికి అంతర్జాతీయ కైట్ బోర్డింగ్ సంస్థ ఐకేవో లాంటి గుర్తింపు ఉందా?
• రెస్క్యూ బోటు నీళ్లలో సిద్ధంగా ఉంటుందా? ఫోన్ చేస్తే వచ్చే బోటును లెక్కలోకి తీసుకోవద్దు.
• హెల్మెట్, లైఫ్ జాకెట్ ఇస్తారా? కైట్‌ను ఒక్క తోపుతో వదిలించుకునే సేఫ్టీ రిలీజ్‌ను మొదటి క్లాసులోనే నేర్పుతారా?
• మీ బీమా పాలసీ సాహస క్రీడలకు వర్తిస్తుందా? చాలా పాలసీల్లో వీటిని మినహాయిస్తారు.

ఈత తప్పనిసరిగా రావాలి. ఊరి కాలువలో ఈదిన అనుభవం మంచిదే, కానీ సముద్రంలో అలలకు, ఉప్పునీళ్లకు అలవాటు పడటం వేరే పని. గుండె జబ్బులు, భుజం, మోకాలి గాయాలు ఉన్నవారు ముందుగా డాక్టర్‌ను అడగాలి.

గాలి లెక్క ఫోన్‌లో ఎలా చూడాలి?

విండీ, విండ్‌గురు లాంటి యాప్‌లలో మూడు అంకెలు చూడాలి. మొదటిది సగటు వేగం, రెండోది గస్ట్ అంటే ఒక్కసారిగా విసిరే గాలి, మూడోది దిక్కు. సగటుకు, గస్ట్‌కు మధ్య తేడా 10 నాట్స్ దాటితే కొత్తవాళ్లు ఆ రోజు వదిలేయాలి. వారం ముందు చూపించే అంచనా కేవలం సూచన. రెండు, మూడు రోజుల ముందు వచ్చే అంచనాను నమ్మవచ్చు. అలల ఎత్తు, సముద్ర హెచ్చరికల కోసం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ బులెటిన్లు, తుపాన్ల కోసం వాతావరణ శాఖ ప్రకటనలు చూడాలి.

యాప్ లేకపోయినా కంటితో పోల్చుకోవచ్చు. దుమ్ము, కాగితాలు లేచి, చిన్న కొమ్మలు ఊగుతుంటే గాలి 11 నుంచి 16 నాట్స్ మధ్య ఉన్నట్టు. చిన్న చెట్లు మొత్తంగా ఊగి, చెరువు నీటి మీద అలలు నురగ కడుతుంటే 17 నుంచి 21 నాట్స్. ఆకాశంలో నల్లమబ్బు కమ్మినా, ఉరుము వినిపించినా వెంటనే కైట్ దించేయాలి. ఆ మబ్బు ముందు వచ్చే గాలి క్షణాల్లో రెట్టింపవుతుంది.

ఎలా వెళ్లాలి? గాలి లేని రోజు ఏం చేయాలి?

చల్లపల్లికి రైలు లేదు కాబట్టి ముందు విజయవాడ చేరాలి. అక్కడి నుంచి చెన్నై, చెన్నై నుంచి రామేశ్వరం రైలు. 2022 డిసెంబర్ నుంచి పాత వంతెన మీద రైళ్లు ఆగిపోగా, 2025 ఏప్రిల్ 6న కొత్త పాంబన్ వంతెన ప్రారంభమైంది. దీంతో రైళ్లు మళ్లీ నేరుగా రామేశ్వరం స్టేషన్‌కే వెళ్తున్నాయి. విమానంలో అయితే మదురైలో దిగి, అక్కడి నుంచి రోడ్డు మీద సుమారు 170 కి.మీ. వెళ్లాలి.

ఈ ట్రిప్‌లో ఇంకో సౌలభ్యం ఉంది. ఇంట్లో పెద్దవాళ్లనూ వెంట తీసుకెళ్లవచ్చు. కుర్రాళ్లు నీళ్ల మీద ఉంటే, పెద్దలు రామనాథస్వామి ఆలయంలో 22 తీర్థాల స్నానం, దర్శనం చేసుకోవచ్చు. గాలి పడిపోయిన రోజు అందరూ కలిసి అబ్దుల్ కలాం స్మారకం, 1964 డిసెంబర్ తుపానుకు తుడిచిపెట్టుకుపోయిన ధనుష్కోడి చూసి రావచ్చు.

పాస్‌పోర్టు ఉంటే..

శ్రీలంక వాయవ్య తీరంలోని కల్పిటియ ఈ ఆటకు పేరున్న చోటు. మే నుంచి అక్టోబర్ వరకు నైరుతి గాలి బలంగా, డిసెంబర్ చివరి నుంచి మార్చి వరకు ఈశాన్య గాలి ఓ మోస్తరుగా ఉంటాయి. పెద్ద లగూన్ ఉండటంతో కొత్తవాళ్లూ నేర్చుకోవచ్చు. వెళ్లే ముందు ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి నిబంధనలు ఒకసారి సరిచూసుకోవాలి. గోవాలోని మోర్జిమ్‌లోనూ శిక్షణ దొరుకుతుంది గానీ, అక్కడి మధ్యాహ్నపు గాలి రామేశ్వరం కన్నా మెత్తన.

అత్యవసరమైతే..

సముద్రంలో ఎవరైనా చిక్కుకున్నట్టు కనిపిస్తే కోస్ట్ గార్డ్ నంబర్ 1554కు, లేదా 112కు వెంటనే ఫోన్ చేయాలి. ఒంటరిగా నీళ్లలోకి దిగొద్దు. ఏ వైపు నుంచి దిగుతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒడ్డున ఉన్నవారికి చెప్పే దిగాలి.